ఎన్నాళ్లంటారు, డాక్టరుగారూ?

మన ఇళ్లల్లో జాతకం రెండుసార్లు తీస్తారు. పెళ్లికి ఒకసారి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒకసారి. ఈ రెండోదానికి ఇప్పుడు జ్యోతిష్కుడితో పనిలేదు; ఆసుపత్రి వరండాలోనే అడిగేస్తారు: "ఎన్నాళ్లంటారు, డాక్టరుగారూ?"

మా నల్లపాడుకు యీ ప్రశ్న కొత్తకాదు. పక్కనే గుంటూరు మిర్చి యార్డు. పగలంతా టిక్కీలు మోసిన వొళ్లు సాయంత్రానికి మందు అడుగుతుంది. మోసేవారే కాదు లెండి, మోయించేవారూ తాగుతారు. కాలేయానికి హోదాలు తెలియవు. ఒకనాటికి కళ్లు పచ్చబడతాయి, పొట్ట ఉబ్బుతుంది. కామెర్లే గదా అని పసరు మింగించి, పది రోజులు పోగొట్టుకుని, అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తుతారు.

అక్కడ డాక్టరు చెప్పే జవాబు వెనక ఒక లెక్క ఉంది. నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. అయినా కూడికా గుణకారమే గనుక చెబుతాను. తాగుడువల్ల కాలేయం వాచి కామెర్లు వచ్చినవారికోసం 1978లో అమెరికాలో మాడ్రీ ప్రభృతులు దీన్ని కట్టారు. రక్తాన్ని గడ్డకట్టించే సరుకు తయారయ్యేది కాలేయంలోనే. అది చెడితే గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. మామూలు మనిషికి 12 సెకండ్లు, రోగికి 18 అనుకోండి. తేడా 6. దాన్ని 4.6తో గుణిస్తే 27.6. దానికి రక్తంలోని బిలిరుబిన్, అంటే ఆ పచ్చదనం కొలత, 14 కలపండి. 41.6 వచ్చింది. 32 దాటితే గండమన్నమాట: మందు పడకపోతే నూటికి 30 నుంచి 50 మంది నెల తిరక్కుండానే పోతారు.

మా వీధిలో ఒక ఇంట ఇలాగే లెక్క 32 దాటింది. బంధువులు "ఇంటికి తీసుకుపోదాం, ఉన్న అరెకరం మిగులుతుంది" అన్నారు. ఆ ఇల్లాలు నన్నడిగింది: "ఆ నూరుమందిలో ఉండేవాళ్లెవరో ముందే రాసుంటుందా, మాస్టారూ?"

రాసి ఉండదు. అంకె చెప్పేది గుంపు సంగతి. మంచం మీది మనిషి పేరు దానికి తెలియదు. దాని అసలు పని ఎవరికి ఘాటైన వైద్యం అవసరమో తేల్చడం. స్టీరాయిడ్లు మొదలుపెట్టి, ఏడోరోజున మళ్లీ చూస్తారు. 2007లో ఫ్రాన్సులోని లీల్ నగరంవారు కట్టిన లెక్క దీనికే. ఆ వారంలో బిలిరుబిన్ చక్కగా దిగినవారు ఆరునెలలకు నూటికి 85 మంది మిగిలారు. దిగనివారు 25 మందే. దిగకపోతే ఆ మందు ఆపేస్తారు, అది చీము దోషాలను పెంచుతుంది గనుక.

ఆవిడ భర్త ఆ నెల దాటాడు. దాదాపు అంతే అంకె వచ్చిన పక్కమంచం ఆయన దాటలేదు.

చరకుడు రోగాలలో యాప్యమని ఒక తరగతి చెప్పాడు. పూర్తిగా నయం కాదు, పథ్యం నిలిపితే మనిషి నిలుస్తాడు. గట్టిపడిన కాలేయం చాలామందికి అటువంటిదే, పథ్యం తాగుడు మానడం. నెల గట్టెక్కించేది వైద్యమైతే, ఏళ్లు నిలిపేది ఇదే. అయితే రోజూ తాగేవాడు ఇంట్లో ఒక్కసారిగా ఆపితే ఫిట్లు రావచ్చు. అదీ డాక్టరు చేతిమీదుగానే జరగాలి.

కాబట్టి వరండాలో నిలబడ్డ అమ్మలూ, అయ్యలూ, "ఎన్నాళ్లంటారు" అని అడగండి, తప్పులేదు. వెంటనే "ఏడోరోజున ఏం చూస్తారు, మానిపించడానికి ఎవరిని కలవాలి" అనికూడా అడగండి.