ఎనిమిది ప్రశ్నార్థకాలు

‘మోపిదేవి’ మనకు నాలుగు అక్షరాలు. కంప్యూటరు లెక్కలో ఎనిమిది: మ, ఓత్వం, ప, గుడి, ద, ఏత్వం, వ, గుడి. యుటిఎఫ్-8లో ఒక్కోదానికి మూడేసి చొప్పున మొత్తం 24 బైట్లు. ఈ పేరును తెలుగుకు చోటులేని లాటిన్1 అమరికలో ఉన్న డేటాబేస్‌లోకి నెడితే, తప్పును పట్టుకునే కట్టడి లేనిచోట, మిగిలేవి ఎనిమిది ప్రశ్నార్థకాలు. రసీదు మీద అవి కనబడినప్పుడు ‘ఫాంటు లేదండీ’ అని సరిపెడుతుంటే ఒళ్లు మండుతుంది. ఫాంటు లేకపోతే డబ్బాలు కనబడతాయి. ప్రశ్నార్థకం పడిందంటే అసలు అక్షరమే పోయింది. ఇక ఏ ఫాంటూ దాన్ని తిరిగి తేలేదు.

డేటాబేస్ ఏ అక్షర అమరికలో ఉందో అడిగి తెలుసుకోవడానికి అరనిమిషం చాలు. మైఎస్‌క్యూఎల్‌లో ‘షో వేరియబుల్స్’ అంటే సర్వరుది, డేటాబేస్‌ది, కనెక్షన్‌ది విడివిడిగా చెబుతుంది. ఒరాకిల్‌లో ఎన్ఎల్ఎస్ అమరికలు డేటాబేస్‌కు వేరు, సెషన్‌కు వేరు. ఒక్కచోట చూసి ఊరుకుంటే లాభం లేదు: చెరువు నిండుగా ఉన్నా బోదె పూడితే చేను ఎండుతుంది. పైగా 2018లో 8.0 వచ్చేదాకా, ఏమీ చెప్పకపోతే మైఎస్‌క్యూఎల్ లాటిన్1నే పట్టుకునేది. పోస్ట్‌గ్రెస్‌లోనైతే డేటాబేస్ పుట్టినప్పుడు పెట్టిన అకారాది వరసను తర్వాత మార్చలేం. మళ్లీ కొత్తది కట్టుకోవాల్సిందే. అందుకే తెలుగు పడుతుందా అన్న ప్రశ్న టెండరు కాగితంలోనే ఉండాలి.

పేరు ఇంగ్లీషులో ఉంటే చాలదా అంటారు. చాలదు. ఆ స్పెల్లింగులో కల, కళ, కాల ఒక్కటే. లక్ష్మిని ఒకరు ఎక్స్‌తో రాస్తే ఇంకొకరు కేఎస్‌హెచ్‌తో రాస్తారు. పట్టాదారు పాసుపుస్తకంలో ఒకటి, బ్యాంకులో ఒకటి అయితే తిరగాల్సింది రైతే. తెలుగుకు చోటెక్కువ పడుతుందన్న మాటా వింటుంటాం. ఒక్క వేలిముద్ర బొమ్మకు పట్టే చోటులో వందల తెలుగు పేర్లు దాచవచ్చు.

తెలుగు కోసం అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. మన దివిసీమ నేత మండలి వెంకట కృష్ణారావు విద్యామంత్రిగా 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించారు. ఆ తర్వాత వేదికలు, శాలువాలు పెరిగాయి. మన దరఖాస్తు ఫారాలు మాత్రం ఇప్పటికీ ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ అనే అడుగుతున్నాయి. ఇంటిపేరు ముందుండే జాతికి ‘లాస్ట్ నేమ్’ ఏమిటి? ఆ గడిలో ఒకరు ఇంటిపేరు, ఒకరు ‘రావు’, మరొకరు తండ్రిపేరు రాస్తే, ఒకే ఇంట్లో ముగ్గురు మూడు కుటుంబాలవారిగా నమోదవుతారు. ‘ఇంటిపేరు’ అని గడి మీద తెలుగులో రాసిపెట్టడానికి ఇంకెన్ని మహాసభలు జరపాలి?