వీసా చీటీకి ముడివడిన మూడుముళ్లు

వివాహము ధర్మబంధమా, ప్రయాణపు చీటీయా? మర్రిగూడ వంటి మెట్టపల్లెల యందు సైతము ఈ ప్రశ్న వేసికొనవలసిన దినము వచ్చినది. ఫ్లోరైడు నీటి ఊరని యొకనాడు మా ప్రాంతమునకు పిల్లనిచ్చుటకు వెనుకాడెడివారు. నేడు వరుని యూరి నీటిని గూర్చి గాక, వానికి వీసా యున్నదా, లాటరీలో పేరు వచ్చినదా యని యడుగువారు బయలుదేరిరి. ఇందులకు మన పేరాస యెంత కారణమో, వివాహమును అర్హతకు కొలబద్దగా జేసిన పరదేశ శాసనమును అంత కారణము. ముందుగా ఆ శాసనమును విప్పి చూతము.

అమెరికా 1990 నాటి వలస చట్టము ‘వైవిధ్య వీసా’ యను లాటరీని ఏర్పరచినది. ఏటా 55,000 వీసాలను చీటీలు తీసి పంచవలెనని దాని విధి. గడచిన 5 సంవత్సరములలో 50,000 కు మించి జనము వలసపోయిన దేశములలో పుట్టినవారికి అందు చోటు లేదు. భారతదేశము అట్టి దేశములలో చేరినది. కావున మర్రిగూడలో పుట్టినవాడు, ఎంతటి విద్యావంతుడైనను, తన జన్మభూమి పేరిట చీటీ వేయజాలడు. కాని అతని భార్య నేపాళమునందో, బర్మాయందో పుట్టినదైనచో, ఆమె జన్మదేశమును తనదిగా చూపి చీటీ వేయవచ్చును! ఇరువురి పేర్లును అర్జీలో నుండవలెను. ఇరువురికిని వీసా రావలెను. ఇరువురును కలిసియే ఆ నేలపై అడుగిడవలెను. భార్యను గాని, 21 ఏండ్లు నిండని అవివాహిత సంతానమును గాని అర్జీలో మరుగుపరచినచో గెలిచిన చీటీయు చెల్లదు. 2025 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము ఈ లాటరీని నిలుపుచున్నట్లు ప్రకటించినది. అయినను నిలుపుదల వేఱు, రద్దు వేఱు.

ఈ మినహాయింపునకు శాసనకర్తలు చెప్పు కారణము దంపతులను విడదీయరాదని. మంచిదే! ఈ దయ నిజమైనదేని మన యువకులు మిక్కిలిగా పోవు రెండవ త్రోవలో అది యేమైనది? హెచ్-1బి వీసాలు ఏటా 65,000. అమెరికా విశ్వవిద్యాలయములలో ఉన్నత పట్టము పొందినవారికి మఱి 20,000. అర్జీలు హెచ్చినపుడు ఇచ్చటను చీటీలే. చీటీ భర్తకు తగిలినచో భార్య హెచ్-4 వీసాపై ‘ఆశ్రితురాలు’గా వెంట నడువవలెను. ఆమె వైద్యురాలైనను, ఇంజనీరైనను, పనిచేయు హక్కు వీసాతోపాటు రాదు. 2015 నాటి నియమము ననుసరించి, భర్త గ్రీన్ కార్డు త్రోవలో నిర్ణీతమైన మెట్టు నెక్కిన పిమ్మటనే ఆమె పని అనుమతికై అర్జీ పెట్టుకొనవలెను. విడాకులు సంభవించినచో హెచ్-4 హోదా అంతటితో సరి. భార్యకు చీటీ తగిలి భర్త ఆశ్రితుడైనను న్యాయమిదియే. అయినను ఈ పాశము హెచ్చుగా స్త్రీల మెడకే తగులుచున్నది. వివాహము ఒక వాకిట తాళపుచెవి. మఱియొక వాకిట సంకెల.

పెండ్లిని వలసకు కొలబద్ద చేయుట క్రొత్త గాదు. 1860 మొదలు 1911 వఱకు మదరాసు రేవునుండి తెలుగువారిని, తమిళులను నేటాలు చెఱకు తోటలకు గిర్మిట్ కూలీలుగా ఓడలకెక్కించిరి. ఆ దక్షిణాఫ్రికాలోనే 1913 మార్చి 14 న న్యాయమూర్తి సెర్ల్ ఒక తీర్పు చెప్పెను. బహుభార్యాత్వమునకు తావిచ్చు మతముల ప్రకారము జరిగిన వివాహములు చెల్లవని దాని సారము. ఒక్క కలము పోటుతో హిందూ, మహమ్మదీయ గృహిణులు భార్యలు గాకపోయిరి. భర్తను చేరు హక్కును కోల్పోయిరి. అప్పుడు కస్తూరిబాయి మొదలగు స్త్రీలు సత్యాగ్రహము చేసి చెఱసాలకేగిరి. 1914 నాటి చట్టము ఆ యన్యాయమును చాలవఱకు సవరించినది. ఆనాడు ఏ గడ్డపై మన పెండ్లి చెల్లలేదో, నేడు అదే గడ్డపై పుట్టిన తెలుగు పిల్లను పెండ్లాడినచో అమెరికా లాటరీకి అర్హత కలుగునట! ఇంతకంటె విపరీతము గలదా?

‘ఎవరి గుమ్మము వారిది, ఎవరిని రానిచ్చుటయో వారి యిష్టము’ అని కొందరు వాదింతురు. ఒప్పుకొందము. కాని రానిచ్చిన మనిషిని మనిషిగా చూడవలెను. గుమ్మము దాటించి కాళ్లు కట్టివేయుట ఆతిథ్యము గాదు. ఆమె చేతికి పనియు, ఆమె నివాసమునకు భర్త దయతో నిమిత్తము లేని ఆధారమును కావలెను. ఇది మన ప్రభుత్వము అమెరికాతో జరుపు ప్రతి సంప్రదింపునందును అడుగవలసిన కోరిక. కంపెనీల సరకులకొఱకు వాదించు నోరు ఆడుబిడ్డలకొఱకు ఏల పెగలదు?

స్వదేశమునను పని మిగిలియున్నది. ప్రవాస భారతీయుల వివాహములను నమోదు చేయించు బిల్లు 2019 ఫిబ్రవరిలో రాజ్యసభకు వచ్చినది. 2024 లో లా కమిషను 287వ నివేదికయందు ఈ విషయమై సమగ్ర శాసనము కావలెనని చెప్పినది. నివేదికలు బీరువాలలో నిద్రించుచుండగా, విడిచిపెట్టబడిన పడుచులు కోర్టుల మెట్లపై మేలుకొనియున్నారు.

ఇక మన తలిదండ్రులతో ఒక మాట. వీసాను చూచి కట్నము పెంచు వరుని తండ్రియు, వీసాను చూచి పొలమమ్ము వధువు తండ్రియు ఒకే జూదమాడుచున్నారు. వీసాకొఱకే చేసిన దొంగ పెండ్లికి అమెరికా చట్టము ప్రకారము 5 ఏండ్ల వఱకు కారాగారమును, 2,50,000 డాలర్ల వఱకు జుల్మానాయు గలవు. నిజమైన పెండ్లియందైనను, పిల్లకు ఏ వీసా వచ్చునో, దానిపై పని చేయవచ్చునో లేదో, చిక్కు వచ్చిన ఆమె గతి యేమో ముహూర్తమునకు ముందే తెలిసికొనుడు. జాతకము చూచుటకు చూపు శ్రద్ధలో సగము చాలును.

చీటీ పోయినచో మఱుసటి యేడు మఱియొకటి వేయవచ్చును. పిల్ల బ్రదుకు పోయినచో మఱియొకటి లేదు. శాసనకర్తలును, తలిదండ్రులును ఇది తెలిసికొందురు గాక!