జిల్లా ఒకటి – లోకసభ స్థానములు రెండు

మన మిట్టేమరి పూర్వము కోలారు జిల్లాలోనిది. 2007లో చిక్కబళ్లాపురము జిల్లా వేరుపడగా, బాగేపల్లి, చింతామణి తాలూకాలు రెండును అందు చేరినవి. అయినను 2008లో అమలైన పునర్విభజన ప్రకారము బాగేపల్లి ఓటు చిక్కబళ్లాపురము లోకసభ స్థానమునకు, చింతామణి ఓటు కోలారు స్థానమునకు పోవుచున్నవి. చింతామణి రైతుకు జిల్లా కచేరి ఒక దిక్కు, పార్లమెంటు సభ్యుడు మరియొక దిక్కు!

కోలారు మనకు పరాయిది కాదు, నిజమే. కాని పాత చుట్టరికము కచేరిలో పని నెరవేర్చదు. స్థానముల జనసంఖ్య సమముగా నుండవలెననుటయు న్యాయమే. అయితే 2002 నాటి చట్టమే పరిపాలనా సరిహద్దులను, ప్రజాసౌకర్యమును గమనింపుమనుచున్నది కదా!

తెలుగు మాటాడు ఈ రెండు తాలూకాల విన్నపము ఒక్క గొంతుతో ఢిల్లీ చేరవలదా? మరుసటి పునర్విభజన ముసాయిదా వెలువడిననాడు మౌనము వహింపక, ఆక్షేపణలు వ్రాసి పంపుదము.