అటకెక్కిన రేసు సైకిలు

ఇత్తడి గంగాళం పాతదైతే చింతపండు పెట్టి తళతళా తోమి హాల్లో పెట్టుకుంటాం. అమ్మమ్మ కాసులపేరు పాతదైతే పెళ్ళిళ్ళలో నలుగురికీ కనబడేలా వేసుకుంటాం. సైకిలు పాతదైతే మాత్రం పరువు పోతుంది! ఈ లెక్క ఏ బళ్ళో నేర్పుతారో నాకు బోధపడదు.

మా చెరుకుపల్లిలో నేనెరిగిన రెండు మూడిళ్ళలో ఇదే గోల. కాలేజీకి వెళ్ళడానికి పిల్లకి సైకిలు కావాలి. అటక మీద మేనమామ చదువుకునే రోజుల నాటి రేసు సైకిలు, పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలు, సన్నటి టైర్లూ, దుమ్ము కొట్టుకుని ఉంది. "అది దింపించండి చాలు" అంటుంది పిల్ల. "ఆ డొక్కు మీద పంపితే కొనలేకపోయారనుకోరూ? రెండు నెలలాగు, గేర్లదీ స్ప్రింగులదీ కొత్తది కొందాం" అంటుంది తల్లి. రెండు నెలలు ఏడాదవుతుంది. పిల్ల ఆటో కోసం సెంటర్లో నుంచునే ఉంటుంది. నా తగాదా అంతా ఆ "ఆగు" అన్న మాటతోనే.

అసలు గేర్లు దేనికమ్మా? ముఖ్యంగా కొండలెక్కడానికి. మనది కృష్ణా పశ్చిమ డెల్టా. రేపల్లె వెళ్ళినా పొన్నూరు వెళ్ళినా మనమెక్కే కొండ కాలవ మీద వంతెన! మన శత్రువు ఎదురుగాలి. చదును రోడ్డు మీద కాస్త వేగం అందుకున్నాక తొక్కేవాళ్ళ శక్తిని ఎక్కువగా తినేసేది గాలే. ఆ వంకర హ్యాండిలు సోకు కోసం పెట్టింది కాదు, వంగి తొక్కితే గాలి దెబ్బ తగ్గుతుందని పెట్టింది. స్ప్రింగులంటారా, గతుకుల్లో నడుముకి సుఖమే, కాదనను. చదునులో మాత్రం చవకరకం స్ప్రింగులు బరువు చేటు. తొక్కినప్పుడల్లా ఊగి మన బలం కొంత మింగేస్తాయి కూడా.

1972లో బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ మెక్సికోలో స్టీలు సైకిలు మీద గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. 1996లో ఇంగ్లండు మనిషి క్రిస్ బోర్డ్‌మన్ కొత్త తరహా యంత్రం మీద, చేతులు బారచాపి, 56.375 తొక్కాడు. అదే బోర్డ్‌మన్ 2000లో, పాత తరహా సైకిలే వాడాలన్న నిబంధన కింద తొక్కింది 49.441. అంటే 28 ఏళ్ళకి పది మీటర్లు! కొత్త యంత్రంలో మహిమ లేదని నేననను. ఆ ఏడు కిలోమీటర్లూ ప్రపంచ విజేతకి కావాలి. మన పిల్లకి కావలసింది తొమ్మిదింటి క్లాసు.

సామాన్లు దొరకవట! 1951లో సోనీపట్‌లో పుట్టిన అట్లాస్ కంపెనీ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, ఆగిపోయిన మాట నిజం. అయితేనేం? ట్యూబు, చెయిను, బ్రేకు రబ్బర్లు, ఇరుసులో బాల్సు ఎవరు చేసినవైనా సైజు కుదిరితే చాలు. సైకిలు షాపులో ఓవరాయిలింగు చేయించండి. టైర్లూ బ్రేకు తీగలూ మాత్రం కొత్తవి వేయించాలి, అటక మీద ఏళ్ళ తరబడి పడున్న రబ్బరు బీటలు వారుతుంది. (చెయినుకి వంటింటి కొబ్బరినూనె పట్టుకెళ్ళకండి తల్లీ, జిడ్డుకి దుమ్మంతా అంటుకుంటుంది.) ఫ్రేము అతుకుల దగ్గర పగులుందా, పిల్ల కాళ్ళు అందవా, అప్పుడు కొత్తది కొనమని నేనే చెబుతాను. వానాకాలం నల్లరేగడి డొంకలో కూడా సన్నటైరు పనికిరాదు.

ఆఖరి అస్త్రం: "మధ్య కమ్మీ ఉంది, మగవాళ్ళ సైకిలు!" 1991లో తమిళనాడు పుదుక్కోట్టైలో, షీలారాణి చుంకత్ కలెక్టరుగా ఉండగా, అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాదిమంది పల్లె స్త్రీలు సైకిలు నేర్చారు. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళవే ఎక్కారు. ఆ కమ్మీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చు, అవే మేలన్నవాళ్ళూ ఉన్నారు. మన పిల్లలు చుడీదార్లు వేసుకుని కమ్మీకి జంకాలా?

ఇంకొక్క మాట, కోప్పడకండి. పైన చెప్పిన ఇళ్ళలో ఒక దాంట్లో అబ్బాయి మోటారు సైకిలు అడిగితే "ఆగు" అన్న మాటే వినబడలేదు. వాయిదాల మీద నెల తిరక్కుండా వాకిట్లోకి వచ్చింది.

అటక మీంచి సైకిలు ఎవరు దింపుతారంటారా? మా ఇంట్లో నిచ్చెన ఉంది, కబురు చేయండి.