చెరువుగట్టున తివాచీ పురుగు చుట్టం



సిరిసిల్ల మగ్గం మీద నేసిన రంగుల గుడ్డముక్క ఒకటి అంచులు అల్లాడిస్తూ తనంతట తానే నీళ్లలో ఈదిపోతే ఎలా ఉంటుంది? హిందూ, పసిఫిక్ మహాసముద్రాల పగడపు దిబ్బల మీద అలాంటి జీవి నిజంగానే ఉన్నది. ఒంటి మీది గీతలనూ చుక్కలనూ చూసి దానికి పారశీక తివాచీ పురుగు అని పేరు పెట్టారు.

ఇది చదును పురుగుల జాతిది. దీనికి ఊపిరితిత్తులు లేవు, మొప్పలు లేవు, రక్తమూ లేదు! ఒళ్లు బహు పలుచన. అందుచేత నీటిలోని ప్రాణవాయువు చర్మం గుండానే ఒళ్లంతా చేరుతుంది. లావెక్కితే నడిమి భాగానికి అది అందదు.

"సముద్రం మనకు చాలా దూరం కదా మాస్టారూ!" అంటారేమో. కాని దీని చుట్టం ఒకటి మన చెరువుల కింద మేసే గొర్రెలలో, బర్రెలలో ఉంటుంది. ఆకులా ఉండే ఆ పురుగు కార్జంలో కాపురం పెడుతుంది. రైతులు దానిని జలగ అంటారు. అది అసలు జలగ కాదు. జలగ ఒంటికి ఉండే ఉంగరాలు దీనికి లేవు.

పచ్చిక మేసే గొర్రె కార్జంలోకి పురుగు ఎలా వచ్చింది? 1879–80లో ఇంగ్లండులో ఈ రోగంతో లక్షల గొర్రెలు చచ్చాయి. అప్పుడు అక్కడ థామస్, జర్మనీలో లూకార్ట్ పట్టుదలతో వెదికారు. 1883 నాటికి గుట్టు బయటపడింది. దొంగకు ఆశ్రయమిచ్చేది నత్త!

పేడతో పడిన గుడ్డు నీటిలో పగులుతుంది. పిల్ల నత్తలో దూరి, అక్కడ ఒకటి వందలవుతుంది. అవి బయటికి వచ్చి, నీటి అంచు గడ్డికి అంటుకుని, చుట్టూ గుల్ల కట్టుకుంటాయి. ఆ గడ్డి మేసిన గొర్రె చిక్కిపోతుంది. దవడ కింద నీరు దిగి వాస్తుంది. మంద పోతే ఆ ఇంటి బ్రతుకే పోతుంది.

కాబట్టి నత్తలున్న మడుగు అంచున మందను మేపవద్దని, బావినీళ్లు తొట్టిలో పోసి తాపమని ఇంట్లో చెప్పండి. దవడ వాపు కనబడితే వెంటనే పశువైద్యునికి చూపించాలి. జగిత్యాల జిల్లా కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉన్నది. మీలో ఒకరు రేపు అక్కడ చదివితే నాకెంత సంతోషమో!

ఈ నెల ప్రశ్న: చెరువులో బాతులను పెంచితే గొర్రెలకు మేలు. ఎందుకు? ఆలోచించి రాయండి.