కొలతలు లేపాక్షిలో చూడాలి

లేపాక్షి వీరభద్రాలయానికి వచ్చిన యాత్రికుడు వేలాడే స్తంభం గురించి ఎంత విన్నా, దాని కింద తువ్వాలు దూర్చి లాగి చూస్తే తప్ప నమ్మడు. ఈ ప్రాంతంలో తెలిసిన రైతు విత్తనపు శనక్కాయ కొన్నా అంతే. గుప్పెడు గింజలు తడిగోనెలో చుట్టి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టిగాని దుక్కిలో వేయడు. అలాంటి రైతు కుటుంబానికి రావలసిన కూలి, బియ్యం, పాసుపుస్తకం నేడు కంప్యూటర్ ప్రోగ్రాముల మీద నడుస్తున్నాయి. వాటికి మొలక పరీక్ష ఎవరు చేశారని అడిగే నాథుడు లేడు.

సాఫ్ట్‌వేర్ రెండు రకాలు. దుకాణాల్లో లెక్కలకు వాడే ట్యాలీ వంటిది రెడీమేడ్ చొక్కా. లక్షల మందికి అమ్ముకోవాలి గనుక కంపెనీయే తన ఖర్చుతో పరీక్షిస్తుంది, కొందరికి ముందుగా ఇచ్చి తప్పులు తెలుసుకుంటుంది. నచ్చకపోతే కొనేవాడు మరో సరుకుకు పోతాడు. రెండవది టైలరు కుట్టిన చొక్కా. ఒక శాఖ కోసమో, బ్యాంకు కోసమో ప్రత్యేకంగా రాయించినది. చెప్పినవన్నీ ఉన్నాయా అని చేయించుకున్నవారు చూసి సరేనంటే పని ముగిసినట్లే. చిక్కంతా అక్కడే ఉంది. సరేననేది రాజధానిలోని ఆఫీసు, చొక్కా తొడుక్కునేది లేపాక్షి కూలి.

రెడీమేడ్ సరుకుకు మచ్చ లేదని కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన ఒక తప్పుడు మార్పుతో ప్రపంచంలో సుమారు 85 లక్షల కంప్యూటర్లు మూలపడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. లోకమంతా గగ్గోలు పెట్టింది గనుక దిద్దుబాటు ఆ రోజే వచ్చింది. ఒక్కరికోసం చేసిన ప్రోగ్రాములో తప్పుంటే ఆ గగ్గోలు లేవదు. బ్రిటన్ పోస్టాఫీసుల్లో పెట్టిన హొరైజన్ ప్రోగ్రాము లేని లోటు చూపితే, ఆ లెక్కలు నమ్మి 1999 - 2015 మధ్య 900 మందికి పైగా పోస్టాఫీసు నడిపేవారిని నేరస్తులుగా తేల్చారు. ఆ శిక్షల రద్దుకు 2024లో పార్లమెంటు చట్టమే చేయవలసి వచ్చింది.

ఇక ఈ సీమకు వస్తే, ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత పనులు తప్ప, పనిచోట రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో యాప్‌లో ఎక్కించాలని కేంద్రం నిర్బంధం చేసింది. సిగ్నల్ అందని గుట్టపక్కన ఫొటో ఎక్కకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. ఇదంతా అక్రమాలు ఆపడానికే అన్నారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే, పనికి సంబంధంలేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు ఎక్కుతున్నాయని సర్క్యులర్ పంపింది. దొంగ ఫొటో సాఫీగా సాగిపోయింది, మన్ను మోసినవారికి మాత్రం గండం వచ్చింది. ఈ కిటుకు ఏ మేట్‌ను అడిగినా మొదటి వారంలోనే చెప్పి ఉండేవాడు!

చౌకధరల దుకాణంలో వేలిముద్ర సంగతీ ఇంతే. కలుపు తీసి, రాళ్లెత్తి అరిగిన వేళ్లు ఆఫీసు గదిలో పరీక్షకు దొరకవు.

కనుక ఇలాంటి ప్రోగ్రాము రాయించే ముందే, లేపాక్షి వంటి ఒక మండలంలో నెల రోజులు నడిపి చూపాలన్న షరతు పెట్టాలి. మే నెల ఎండలో, చవక ఫోనుతో, ముసలివారి వేళ్లతో నడవాలి. ఆ నెలంతా కాగితపు మస్టరు కూడా పక్కనే ఉండాలి. ఎవరికి ఎందుకు ఆగిందో గ్రామసభలో చదివి వినిపించాలి. బయటి కంపెనీ చేసినదైతే చివరి బిల్లు ఆ తరువాతే చెల్లించాలి.