ఫార్మాట్ చేయమనే ముందు లోపల ఏముందో చెప్పొచ్చుగా!

రాస్ప్‌బెర్రీ పై వాడే మైక్రో ఎస్‌డీ కార్డ్‌ని తీసి ఎప్పుడైనా విండోస్ 10 లేదా 11 ల్యాప్‌టాప్‌లో పెట్టారా? మామూలుగా రెండు డ్రైవ్‌లు కనిపిస్తాయి. ఒకటి బాగానే ఓపెన్ అవుతుంది. రెండోదానికి మాత్రం "ఇది వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని మెసేజ్, కిందే ఫార్మాట్ బటన్. కార్డ్ పాడైందనుకుని ఆ బటన్ నొక్కి ముందుకెళ్లారో, ఇక అంతే సంగతులు. నిజానికి కార్డ్‌కి ఏమీ కాలేదు. అందులో ఉన్న ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ని చదవడం విండోస్‌కి రాదు. తనకి రాదని చెప్పకుండా నెపం కార్డ్ మీదకి నెట్టడం నాకు అస్సలు నచ్చదు.

అసలు ఓఎస్ ఫైల్ సిస్టమ్‌ని ఎలా గుర్తుపడుతుంది? పార్టిషన్ టేబుల్‌లో ఒక కోడ్ ఉంటుంది కానీ, అదొక్కటే సరిపోదు. పాత ఎంబీఆర్ పద్ధతిలో ఎన్‌టీఎఫ్ఎస్‌కీ ఎక్స్‌ఫ్యాట్‌కీ ఒకటే కోడ్: 07. అందుకే పార్టిషన్ లోపలికి వెళ్లి గుర్తు వెతకాలి. ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్ అయితే మొదటి సెక్టార్‌లోనే వాటి పేరు అక్షరాల్లో రాసి ఉంటుంది. ఈఎక్స్‌టీ4 అయితే పార్టిషన్ మొదటి నుంచి 1080 బైట్లు దాటగానే ఈఎఫ్53 అనే హెక్స్ నంబర్ ఉంటుంది. రెండంటే రెండే బైట్లు!

విండోస్‌లో ఒక్కో ఫైల్ సిస్టమ్ డ్రైవర్‌కీ "ఇది నీదేనా?" అని చూసుకునే ఛాన్స్ వస్తుంది. ఏదీ నాది అనకపోతే ఆ డ్రైవ్ మీద 'రా' అని ముద్ర పడుతుంది. ఇంకా ఫార్మాట్ చేయని ఖాళీ పార్టిషన్‌కీ, మీ ప్రాజెక్ట్ మొత్తం ఉన్న లినక్స్ కార్డ్‌కీ చివరికి ఒకటే మెసేజ్. నా కంప్లైంట్ ఇదే.

ఫైళ్లు చదవాలంటే డ్రైవర్ కావాలి, ఒప్పుకుంటా. కానీ పేరు చెప్పడానికి డ్రైవర్ ఎందుకు? లినక్స్‌లో బీఎల్‌కేఐడీ అనే చిన్న టూల్, డిస్క్‌ని మౌంట్ చేయకుండానే లోపల ఏ ఫైల్ సిస్టమ్ ఉందో చెప్పేస్తుంది. మ్యాక్ కూడా పేరు చెప్పదు గానీ, కనీసం "ఈ కంప్యూటర్ దీన్ని చదవలేకపోతోంది" అని నిజం ఒప్పుకుంటుంది. 'ఇగ్నోర్', 'ఎజెక్ట్' బటన్లు కూడా ఇస్తుంది.

మామూలు యూజర్లకి ఈఎక్స్‌టీ4 అంటే ఏం తెలుస్తుంది అంటారా? తెలియక్కర్లేదు. "ఇందులో లినక్స్ డేటా ఉంది, ఫార్మాట్ చేస్తే పోతుంది" అంటే చాలు. ఆ రెండు బైట్లూ చదవడం మైక్రోసాఫ్ట్‌కి కష్టమేమీ కాదు. డబ్ల్యూఎస్ఎల్ ద్వారా ఈఎక్స్‌టీ4 డిస్క్‌లని మౌంట్ చేసే దారి ఇచ్చింది వాళ్లేగా!

అది మారేదాకా జాగ్రత్త మనదే. ఆ మెసేజ్ వస్తే ముందు క్యాన్సిల్ కొట్టండి. కార్డ్ ఇంతకుముందు ఏ డివైజ్‌లో ఉందో గుర్తు తెచ్చుకుని, మళ్లీ అందులోనే పెట్టి చూడండి. లేదా లినక్స్ ఉన్న ఫ్రెండ్‌ని పట్టుకోండి. ఫార్మాట్ ఎప్పుడైనా చేసుకోవచ్చు, పోయిన ఫొటోలు మాత్రం మళ్లీ తీసుకోలేం.